కత్వ కింది ఊళ్లు

వరంగల్ రోడ్డు మీద ఉప్పల్ దాటాక పీర్జాదిగూడ దగ్గర కుడికి మళ్లి పర్వతాపూర్ మీదుగా మూసీ వైపు వెళ్తే, అపార్ట్‌మెంట్ల వెనక పచ్చగడ్డి మళ్లు కనిపిస్తాయి. తెల్లారకముందే కొడవళ్లతో కోసి, మోపులు కట్టి, ట్రాలీ ఆటోల్లో హైదరాబాద్ నగరంలోని బర్రెల కొట్టాలకు పంపే గడ్డి అది. ఒక గట్టు అవతల వెంచర్ వాళ్ల రంగు జెండాలు, ఇంకో గట్టు కింద నురగ కక్కుతూ మూసీ. ఇది ఊరా, పట్నమా అంటే చప్పున చెప్పడం కష్టం.

మూసీ ఒకప్పుడు వానాకాలపు నది. 1908 వరద తర్వాత పైన ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) కట్టారు. నగరం పెరిగినకొద్దీ డ్రైనేజీ నీళ్లు కలిసి, కింద ఏడాది పొడవునా పారే నది అయింది. నది మీద పాత కత్వలు, అంటే నీటిని ఆపే చిన్న అడ్డుకట్టలు, ఉన్నాయి. వాటి దగ్గర నీటిని కాలువలకు మళ్లించి ప్రతాపసింగారం, కాచివాని సింగారం రైతులు వరి వేసుకునేవారు. నీళ్లు పాడై దిగుబడి పడిపోతుంటే చాలామంది గడ్డికి మారారు. గడ్డి మొండిది, ఎలాంటి నీళ్లకైనా తట్టుకుంటుంది, కోసినకొద్దీ వస్తుంది, రోజూ నాలుగు పైసలు చేతిలో పడతాయి. ఆ నీళ్లలోకి దిగి కోసేవాళ్ల కాళ్ల దురదల సంగతి మాత్రం ఏ లెక్కలోకీ రాదు. మనం వదిలిన మురికితోనే గడ్డి పెంచి, దాన్నే పాలుగా మళ్లీ మనకు పంపుతున్న రైతుకు నగరం ఇప్పటిదాకా ఇచ్చిన పేరు ‘శివారు’.

ఆ పేరు కూడా ఇక ఉండదేమో. 2024లో ఔటర్ రింగ్ రోడ్డు పరిసరాల్లోని 51 గ్రామ పంచాయతీలను మున్సిపాలిటీల్లో కలిపారు. 2025 చివరికల్లా 27 మున్సిపాలిటీలు, కార్పొరేషన్లనే తీసుకెళ్లి జీహెచ్‌ఎంసీలో కలిపేశారు. నిన్నటిదాకా వీధిలైటు వెలగకపోతే సర్పంచ్ ఇంటికెళ్లి అడిగిన మనిషి ఇప్పుడు యాప్‌లో ఫిర్యాదు పెట్టాలి. గ్రామం అన్న ముద్ర పోగానే ఉపాధి హామీ పనీ పోయింది. రోడ్లు, నల్లాలు వస్తాయంటున్నారు. రావాలనే మేమూ కోరుకుంటాం. కానీ తూములో పూడిక ఎవరు తీయాలి, కత్వ తెగితే ఎవరి దగ్గరికి పోవాలి అన్న ప్రశ్నకు వార్డు ఆఫీసులో జవాబు దొరుకుతుందా?

2013లో నోటిఫై అయిన హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) మాస్టర్‌ప్లాన్‌లో ‘పెరి అర్బన్’ (పట్నం అంచు) అనీ, ‘కన్జర్వేషన్’ (పరిరక్షణ) అనీ జోన్లున్నాయి. రంగులైతే వేశారు. ఆ రంగు కింద నీళ్లు ఎటు పారుతున్నాయో, మేకలు ఎక్కడ మేస్తున్నాయో గీయలేదు. జోన్ మార్పిడికి దరఖాస్తు చేసుకునేవాడికి అది ఇంకా ప్లాట్లు కాని ఖాళీ జాగా, అంతే. జేసీబీ వచ్చి నేల చదును చేసిన రోజే ఊరి కాలువ మాయమవుతుంది. మరుసటి వానకు అదే వెంచర్ సెల్లార్లో నీళ్లు నిలిస్తే ‘ఆక్రమణలు’ అంటూ అందరం గుండెలు బాదుకుంటాం.

నగరానికి పడమటి వైపు కథ వేరేగా మొదలై ఇక్కడికే వస్తోంది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జంట జలాశయాలకు నీళ్లు తెచ్చే 84 గ్రామాల్లో కట్టడాలకు 1996లో 111 జీవో అడ్డుకట్ట వేసింది. 2022లో దాన్ని సడలించారు. పక్క ఊళ్లో గజాల్లో అమ్ముకుంటుంటే తాము ఎకరాల్లోనే ఆగిపోయామన్న మొయినాబాద్ రైతు బాధలో న్యాయం లేదని అనలేం. చెరువును కాపాడే భారం పాతికేళ్లు ఆ రైతు మోశాడు. నీళ్లు తాగిన నగరం అందుకు కిరాయి కట్టిందా? భూమిని పంటగానే ఉంచే రైతుకు ఏటా ఇంత అని ముట్టజెప్పే ఆలోచన ఒక్క ప్రభుత్వమూ గట్టిగా చేయలేదు. ఉంచితే ఆంక్ష, తీసేస్తే వెంచర్. మధ్యలో మూడో దారి వెతకాలన్న ఓపిక ఎవరికీ లేకపోయింది.

ఇప్పుడు కొత్త ఎస్టీపీలు (మురుగునీటి శుద్ధి కేంద్రాలు) వస్తున్నాయి, మూసీ ప్రక్షాళన జరుగుతుందంటున్నారు. మంచిదే. శుద్ధి చేసిన నీటిని ఫ్యాక్టరీలకో నిర్మాణాలకో అమ్మే ముందు, ఇన్నాళ్లూ మురికిని భరించిన కత్వ కాలువలకు వాటా రాసి ఇవ్వాలి. లేఅవుట్ కాగితం మీద సంతకం పెట్టే ముందు నీటిపారుదల ఇంజనీరు ఒకసారి ఆ పొలం గట్ల మీద నడిచి రావాలి. 2050 కోసమంటున్న కొత్త మాస్టర్‌ప్లాన్‌లో ఈ కాలువలు సర్వే నంబర్లతో సహా ఉండాలి. ఆ పటం బయటికి వచ్చిన రోజు ఫ్లైఓవర్ల సంగతి తర్వాత, ముందు ప్రతాపసింగారం దగ్గర కాలువ గీత ఉందా లేదా అని చూస్తాం.