పడమటి ఎండకు పెద్దపీట

మే నెలలో నల్గొండ, మహబూబ్‌నగర్‌లకు 44 డిగ్రీల ఎండ కొత్తేమీ కాదు. అంత వేడి వీధిపాలవుతుంటే చూడలేక కాబోలు, దాన్ని ఇంట్లోకి తెచ్చి తెల్లారేదాకా దాచిపెట్టే విద్య మన కొత్త కాలనీలకు పట్టుబడింది.

మొదట ఎలివేషన్, అంటే ఇంటి ముఖం. ప్లాటు పడమర ముఖమైతే పంట పండినట్టే. హాలుకు ఎనిమిదడుగుల అద్దం బిగించాలి. పైన రెండడుగుల సజ్జ ఉందే అని దిగులొద్దు. సాయంత్రం నాలుగింటికి దాని నీడ అద్దం మీద అడుగున్నర దిగితే గొప్ప, ఐదింటికి అడుగు కూడా ఉండదు. మిగతా అద్దమంతా సూర్యుడిదే, సోఫాతో సహా. ఆ వాలు ఎండను ఆపేవి నిలువు పలకలు, తడకలు, చెట్లు. వేపచెట్టును పునాది తవ్విన రోజే కొట్టించాం కనుక ఆ బెడద లేదు.

మే నడిమికొచ్చేసరికి మన దగ్గర మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికే ఒరుగుతాడు. దక్షిణపు గోడ మీద ఎండే పడదు. పెద్ద కిటికీకి అంతకన్నా మంచి చోటు లేదు. కానీ అటునుంచి యముడొస్తాడట. పడమటినుంచి వడగాలి వస్తే మాత్రం ఎవరికీ అభ్యంతరం లేదు.

పాత ఇండ్లల్లో కప్పుకు జానెడు కింద రోషన్‌దాన్లుండేవి. పైకెక్కిన వేడిగాలి వాటిలోంచి వెళ్లిపోయేది. ఇప్పుడు ఫాల్స్ సీలింగ్ వాటికి అడ్డం. ఆరడుగుల స్లైడింగ్ కిటికీ ఎంత తోసినా మూడడుగులే తెరుచుకుంటుంది.

స్లాబ్ పగలు తాగిన ఎండను రాత్రి పదింటికి మంచం మీదికి దించుతుంది. పైన రెండు పూతలు తెల్లసున్నం కొడితే చాలావరకు ఎండ తిరిగిపోతుంది. 2023లో రాష్ట్ర ప్రభుత్వం కూల్ రూఫ్ విధానం కూడా తెచ్చింది. మనం మాత్రం వాననీళ్లు ఇంట్లోకి కారవని నల్లషీటు పరిచాం.

ఇక కూలర్. దాని వీపు కిటికీ బయట ఉండాలి, ఎదుటి కిటికీ తెరిచి ఉండాలి. దోమలొస్తాయని అన్నీ మూసి గది నడుమ పెడతాం. కాసేపటికే గాలి నిండా తేమ చేరుతుంది, గడ్డిలోని నీళ్లు ఆవిరి కావు, ఒళ్లు జిగటగా తయారవుతుంది. కూలర్ దండగని తేల్చి ఏసీ కొంటాం. గాలి కోసం ఇంటి నడుమ వదిలిన డక్టులో దాని అవుట్‌డోర్ యూనిట్ బిగిస్తే, అది వదిలే వేడి నేరుగా వంటింటి కిటికీలోంచి లోపలికొస్తుంది.