అంబులెన్స్ పక్క గోడకు పరీక్ష ఏదీ?

సైరన్ మోగిస్తూ ఎర్ర సిగ్నల్ దాటే అంబులెన్స్‌కు కూడలిలో పక్కనుంచి దూసుకొచ్చే బండే పెద్ద గండం. ఎదురుగా ఢీకొంటే నలిగిపోయి దెబ్బను తీసుకోవడానికి ముందుభాగం ఉంటుంది. పక్కనుంచి తగిలితే అడ్డుగా ఉండేది బయటి రేకు, లోపలి ప్యానెల్, వాటి నడుమ సన్నటి ఫ్రేము. ఈ రంగంలో ఎక్కువగా నమ్ముకుంటున్నది స్లెడ్ పరీక్ష, అంటే పట్టాలపై జారే బల్లకు సామాను బిగించి ఒక్కసారిగా కుదిపి చూడటం. అది ఆ గోడ జోలికే పోదు.

స్లెడ్ పరీక్షను తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. ఐరోపా ప్రమాణం ఈఎన్ 1789 ప్రకారం స్ట్రెచర్‌నూ పరికరాలనూ వాహనంలో బిగించినట్టే బిగించి, గంటకు 30-32 కిలోమీటర్ల వేగం వద్ద 10 జీ (భూమ్యాకర్షణకు పది రెట్లు) తాకిడికి గురిచేస్తారు. ముందుకు, వెనక్కే కాదు, పక్కలకూ. 8 కిలోల మానిటర్ ఆ క్షణాన 80 కిలోల బరువై బ్రాకెట్‌ను లాగుతుంది. కింద స్టీలు ప్లేటు వేయకుండా ప్లైవుడ్ నేలకే బిగించిన స్ట్రెచర్ గొళ్లెం బోల్టులతో సహా పెకలి రావచ్చు. అమెరికాలో పక్క తాకిడి కోసమే ఇంజనీర్ల సంఘం ఎస్ఏఈ రాసిన జే2956 అనే పరీక్ష పద్ధతి ఉంది. ఇవన్నీ కావలసినవే. కానీ స్లెడ్ మీద గోడ లోపలికి చొచ్చుకురాదు, తలుపు గొళ్లెం వంకర పోదు.

కార్ల విషయంలో ఈ పని ఎప్పటి నుంచో జరుగుతోంది. అమెరికా పక్క తాకిడి ప్రమాణం 214లో 1,368 కిలోల బ్యారియర్ (ఎదుటి బండికి బదులు కొట్టే చక్రాల దిమ్మ) గంటకు సుమారు 54 కిలోమీటర్ల వేగంతో పక్కనుంచి కొడుతుంది. వ్యాన్లు, లారీల తరగతిలో నిండు లోడుతో 2,722 కిలోలు దాటే వాహనాలకు ఆ బ్యారియర్ పరీక్ష వర్తించదు. పెద్ద బాక్సు అంబులెన్సులు తప్పుకునేది అక్కడే.

లోపల ఏం జరుగుతుందో చూడండి. పక్క బెంచీ మీద కూర్చున్న సిబ్బందికి నడుము బెల్టు ఒక్కటే ఉండి, తాకిడి ఎదుటి గోడకు తగిలితే, పై ఒళ్లు విరుచుకుపడి తల స్ట్రెచర్ కడ్డీకో, అల్మరా అంచుకో కొట్టుకుంటుంది. తాకిడి బెంచీ వైపే తగిలితే గోడ నేరుగా వెన్ను మీదికొస్తుంది. ఛాతీ కుదింపు చేస్తూ నిలబడిన వారికైతే ఏ ఆధారమూ లేదు. రోగికి భుజాల పట్టీలు ఎదురు తాకిడిలో బాగానే పనిచేస్తాయి. పక్క కుదుపులో మాత్రం అవి వదులుగా ఉంటే మనిషి కడ్డీ మీదుగా దొర్లుతాడు.

అందుకే పరీక్షకు వెళ్లాల్సింది సగం తయారైన బాక్సు కాదు, రోడ్డెక్కే వాహనమే. నిండు ఆక్సిజన్ సిలిండర్లు, సామాను నింపిన అరలు, స్ట్రెచర్‌పై ఒక డమ్మీ (దెబ్బను కొలిచే మనిషి బొమ్మ), బెంచీపై ఒకటి ఉండాలి. కారు బంపర్ తరచూ అంబులెన్స్ నేల కిందే తగులుతుంది. గోడను చీల్చేది లారీ. కాబట్టి రెండు ఎత్తుల్లో, రెండు బరువుల బ్యారియర్లతో కొట్టి చూడాలి. తాకిడికి తలుపులు వాటంతట అవి తెరుచుకోకూడదు, తర్వాత చేత్తో తీస్తే రావాలి. స్ట్రెచర్ ఎత్తులో గోడ ఎన్ని మిల్లీమీటర్లు లోపలికి వచ్చిందో కొలవాలి. పక్కకు తిరిగిన సీట్లకు గాయాల హద్దులు లేవనడం కుదరదు. విమాన రంగం పక్క తాకిడి కోసం చేసిన ఈఎస్-2ఆర్ఈ డమ్మీతో అవి ఎప్పుడో పెట్టుకుంది.

ఖర్చు పెద్దదే, చిన్న తయారీదారులకు భారమే. ఒకే బాడీ నిర్మాణానికి అత్యంత బలహీనమైన అమరికను ఒక్కసారి కొట్టి, ఆ ఫలితంతో సరిపోలిన కంప్యూటర్ నమూనాతో మిగతా అమరికలను పరిశీలించవచ్చు. అంబులెన్సులు కొనేవారు ఈ నివేదికను టెండర్ షరతుల్లో చేర్చాలి. గోడ ఎంత చొచ్చుకొచ్చింది, డమ్మీలకు తగిలిన దెబ్బ కొలతలెంత, పరీక్షలో ఏ పరికరం ఎంత బరువుతో ఎక్కడ బిగించి ఉంది అన్న మూడు వివరాలూ బహిరంగంగా పెట్టమనాలి. ఆ తర్వాత సీటో, అల్మరానో చోటు మారితే పరీక్ష మళ్లీ చేయించాల్సిందే.