ఆ గదిలో పిల్లల కళ్లు మూయకండి

లండన్ బ్రిటిష్ మ్యూజియంలో 33ఎ అని ఒక గది ఉంది. అమరావతి స్తూపం సున్నపురాతి పలకలు అక్కడ అద్దాల వెనక ఉంటాయి. పోయిన వేసవి సెలవుల్లో మేం నాలుగు కుటుంబాలం పిల్లల్ని తీసుకుని వెళ్లాం. "ఇవి మన గుంటూరు వైపు నుంచి వచ్చాయి" అని గొప్పగా చెప్పుకుంటూ నడుస్తున్నాం. పూజ చేస్తున్న ఆడవాళ్ల శిల్పం దగ్గరకు రాగానే మాతో వచ్చిన ఒకావిడ తన కూతుర్ని భుజం పట్టుకుని పక్కకు తిప్పేసింది. "అవి చూడక్కర్లేదు, పద" అంది. ఆ శిల్పంలోని ఆడవాళ్లకు నడుముకు ఒడ్డాణం, కాళ్లకు కడియాలు, చెవులకు బరువైన దుద్దులు ఉన్నాయి. బట్టంటూ పెద్దగా కనిపించదు. ఆ పిల్ల తానే ఏదో తప్పు చేసినట్టు తల దించుకుంది.

ఆ దించుకున్న తల నా కళ్లముందు నుంచి పోవడం లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆ పలకలు ఎవరో విలాసాల కోసం చెక్కించుకున్నవి కావు. భిక్షువులు, భిక్షుణులు, వర్తకులు, మామూలు గృహస్థులు తలా కొంత ఇచ్చి కట్టించుకున్న స్తూపం అది. పూర్ణఘటం చెక్కిన పలక ఒకదాన్ని విధికుడనే చర్మకారుడు ఇచ్చాడు. తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, కొడుకుతో, కూతుళ్లతో కలిసి ఇస్తున్నట్టు దాని మీద రాయించుకున్నాడు. అలాంటి ఇళ్ల ఆడపిల్లలు ఈ బొమ్మల మధ్యనే ప్రదక్షిణ చేసి ఉంటారు. వాళ్ల కళ్లు ఎవరూ మూసి ఉండరు.

మన వాళ్లకు సిగ్గు తెలియదని కాదు. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడికి వెళ్తే, ఒంటికి పాములు చుట్టుకున్న నాగిని చూరు కింద నిటారుగా నిలబడి ఉంటుంది. అదే గుడిలో కోతి చీర లాగుతుంటే పట్టుకుని ఆపుకుంటున్న అమ్మాయీ ఉంది. తెగువనీ సిగ్గునీ రెండింటినీ ఒకే గుడిలో చెక్కారు. అలంపురంలో తల ఉండాల్సిన చోట తామరపువ్వుతో, ప్రసవానికి సిద్ధంగా ఉన్నట్టు కూర్చున్న లజ్జాగౌరి విగ్రహం ఉంది. పిల్లలు కావాలనుకున్న ఆడవాళ్లు ఆ తల్లిని మొక్కారు. ఇప్పుడు ఆ విగ్రహం పక్కన నిలబడి మాట్లాడటానికి కూడా మనకు ఇబ్బందిగా ఉంటుంది.

ఈ ఇబ్బంది ఎక్కడి నుంచి వచ్చింది? లండన్‌లోనే విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో మైకెలాంజెలో చెక్కిన నగ్న డేవిడ్ విగ్రహానికి ప్లాస్టర్ నకలు ఉంది. 1857లో విక్టోరియా రాణికి కానుకగా వచ్చింది. రాజకుటుంబపు స్త్రీలు చూడటానికి వస్తే తగిలించాలని ప్లాస్టర్‌తో ఒక అంజూరపు ఆకు చేయించారు. ఇప్పుడు విగ్రహానికి ఆ ఆకు లేదు, వెనక విడిగా గాజు పెట్టెలో ఉంది. ఆకు అవసరమనుకున్న కాలాన్ని వాళ్లు చరిత్రగా దాచుకున్నారు. మనం మాత్రం దాన్ని ఇంకా మోస్తున్నాం.

నేరమంతా తెల్లవాళ్లదే అనడం కూడా నిజం కాదు. పద్దెనిమిదో శతాబ్దపు తంజావూరు కవయిత్రి ముద్దుపళని రాసిన శృంగారకావ్యం 'రాధికా సాంత్వనం'ను 1910లో గాయని బెంగళూరు నాగరత్నమ్మ పూర్తిపాఠంతో అచ్చు వేయిస్తే, బ్రిటిష్ ప్రభుత్వం అశ్లీలమని నిషేధించింది. కానీ అంతకుముందే ఆ కావ్యాన్ని నిందించినవాళ్లలో మన వీరేశలింగం పంతులుగారు ఉన్నారు. ఆడది తన ఒంటి కోరిక గురించి తానే రాయడం ఆయనకే మింగుడు పడలేదు. 1947లో ప్రకాశం పంతులుగారి హయాంలో గానీ ఆ నిషేధం పోలేదు.

నగ్నంగా ఉన్నదల్లా కళే అని నేననను. ఇష్టం లేకుండా తీసిన ఫొటోను పదిమందికీ పంపడం దుర్మార్గం. దాని గురించి పిల్లలకు ముందే చెప్పాలి. అయితే ఆ తేడాను బట్ట కొలతతో చెప్పలేం. ఆ మనిషి ఒప్పుకుందా, ఆమెను మనిషిగా చూపించారా, అమ్మకానికి పెట్టిన సరుకుగా చూపించారా అన్నదే నాకు ముఖ్యం. ఈ కొలతతో చూస్తే మన తెలుగు సంఘం వేడుకల మీద నాకు బాధ ఉంది. ఉగాది స్టేజి మీద పదేళ్ల పిల్లలు ఐటెం సాంగులకు డాన్స్ చేస్తుంటే మనం చప్పట్లు కొడతాం. ఒళ్లంతా బట్టలున్నాయి కాబట్టి అభ్యంతరం లేదు. రెండు వేల ఏళ్ల కిందట భక్తితో చెక్కిన బొమ్మ దగ్గర మాత్రం భుజం పట్టి తిప్పేస్తాం. ఒళ్లు ఎదుగుతున్న వయసులో ఆ పిల్ల దీన్నుంచి ఏం నేర్చుకుంటుంది? రేపు ఒంటికేదైనా నొప్పో భయమో వస్తే మనకు చెబుతుందా?

ఆ రోజు తిరిగొస్తూ ట్రైన్‌లో ఆ పిల్ల నా పక్కన కూర్చుంది. కాసేపాగి, "ఆంటీ, వాళ్ల నడుముకి ఉన్నది మా అమ్మమ్మ ఒడ్డాణం లాంటిదేనా?" అని మెల్లగా అడిగింది. తిప్పేసేలోపే చూసేసింది. అదేనమ్మా అన్నాను. ఎదురుగా కూర్చున్న వాళ్లమ్మ ఈ మాట విని, ఆ ఒడ్డాణం తన పెళ్లికి తాను పెట్టుకున్నదేనని, మధ్యలో ఎర్రరాయి ఉండేదని చెప్పింది.

అక్టోబరు సెలవుల్లో మళ్లీ వెళ్తున్నాం. ఆవిడా వస్తానంది.