పల్లె పైసలకు తాళం ఎందుకు?

మార్చి వచ్చిందంటే ఊళ్లలో పన్నులు వసూలు చేసే కారోబార్ చేతిలో రశీదు బుక్కు కనిపిస్తుంది. మునుగోడు వైపు ఒక ఊళ్లో ఈ దృశ్యం మా కంటపడింది. వాకిట్లో మంచం మీద కూర్చున్న ఒక పెద్దమ్మ కొంగుముడి విప్పి, మడతలు పడ్డ నోట్లు ఒక్కొక్కటే సాపు చేసి లెక్కబెట్టి ఇంటి పన్ను కట్టింది. రశీదు అందుకుని, "బిడ్డా, మా సందుల బుగ్గ ఎలుగక రెండు నెలలాయె. పైసలైతే కట్టిన. ఇగనన్నా ఏస్తరా?" అని అడిగింది. కారోబార్ తల దించుకున్నాడు. పక్కనున్న పంచాయతీ కార్యదర్శి కూడా ఏమీ చెప్పలేకపోయారు. అంతకుముందు తెచ్చిన వీధిదీపాల బుగ్గలకే చెక్కు రాసి పంపారు. అది ట్రెజరీలో ఆగింది. పాత బాకీ తీరితే తప్ప కొత్తవి ఇవ్వనని దుకాణదారు అంటున్నాడు.

పన్ను కట్టింది ఊరు. చీకట్లో ఉన్నదీ ఊరే. ఆ పైసలు మాత్రం హైదరాబాద్ ఊ అంటే గానీ కదలవు.

ఈ చెక్కుల సంగతి పట్నంలో చాలామందికి తెలియదు కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి. పంచాయతీ వసూలు చేసిన ఇంటి పన్ను, నీటి పన్ను ట్రెజరీలో జమవుతాయి. ఖర్చు పెట్టాలంటే 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం సర్పంచి, ఉపసర్పంచి ఇద్దరూ చెక్కు మీద సంతకం చేయాలి. ఆ చెక్కు సబ్ ట్రెజరీకి వెళ్తుంది. ఖాతాలో డబ్బు ఉన్నట్టే కనిపిస్తుంది. కానీ సర్కారుకు రొక్కం కటకటగా ఉన్న రోజుల్లో చెక్కు పాస్ కాదు. దీన్ని ఊళ్లలో అందరూ 'ఫ్రీజింగ్' అంటారు. చదువు రాని వార్డు సభ్యుడికి కూడా ఈ ఇంగ్లిష్ మాట నోటికొచ్చింది. రాష్ట్రం ఇచ్చే గ్రాంటు ఆగిందంటే, సర్కారు దగ్గర డబ్బు లేదేమో అనుకోవచ్చు. ఇక్కడ ఆగింది జనం తమ చేతులతో కట్టిన పన్ను. ఒకరి డబ్బును ఇంకొకరి అవసరానికి అట్టిపెట్టుకోవడానికి ఏ పేరు పెట్టినా అది న్యాయం కాదు.

ఈ హక్కు ఎవరో దయతలచి ఇచ్చిందీ కాదు. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. చట్టసభ అప్పగించిన పన్నులను పంచాయతీ వేయవచ్చు, వసూలు చేయవచ్చు, తన అవసరాలకు వాడుకోవచ్చు అని 243-హెచ్ అధికరణం చెబుతోంది. మొదటి రెండూ మన పంచాయతీలు చేస్తున్నాయి. మూడోదే జరగడం లేదు.

చెక్కులు ఆగితే ఏమవుతుందో గత రెండేళ్లలో కళ్లారా చూశాం. 2024 ఫిబ్రవరి మొదట్లో పాత పాలకవర్గాల గడువు తీరింది. గడువు తీరకముందే ఎన్నికలు జరపాలని రాజ్యాంగం చెబుతున్నా, 2025 డిసెంబరులో మూడు విడతల పోలింగ్ ముగిసేదాకా ఊళ్లు ప్రత్యేకాధికారుల పాలనలోనే ఉన్నాయి. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే, కేంద్ర పన్నుల పంపకం తేల్చే కేంద్ర ఆర్థిక సంఘం గ్రాంట్లు రావు. అవి ఆగిపోయాయి. పల్లె ప్రగతి కింద బ్యాంకు అప్పుతో కొన్న ట్రాక్టరుకు డీజిల్ పోయించాలన్నా, మోటారు కాలితే బాగు చేయించాలన్నా కార్యదర్శులు సొంత జేబులోంచి తీశారు, లేదంటే తెలిసినవాళ్ల దగ్గర చేబదులు తెచ్చారు. నెలకు రూ.9,500తో మోరీలు ఎత్తే మల్టీపర్పస్ వర్కర్లు జీతం కోసం నెలల తరబడి ఎదురుచూశారు. ఊళ్లో సీసీ రోడ్డు, వైకుంఠధామం (శ్మశానవాటిక), నర్సరీ కోసం అప్పులు తెచ్చి పెట్టిన మాజీ సర్పంచులు బిల్లుల కోసం హైదరాబాద్ వెళ్తే అరెస్టులు ఎదురయ్యాయి. వాళ్లలో మిత్తి కట్టలేక భూమి అమ్ముకున్నవాళ్లున్నారు. ఊరికి సేవ చేద్దామని పదవిలోకి వచ్చిన మనిషి అప్పులపాలై దిగిపోవడం ఏ పార్టీ హయాంలో జరిగినా తప్పే. ఇది రెండు ప్రభుత్వాల మీదుగా సాగిన తప్పు.

ఇప్పుడు ఢిల్లీ సంగతికి వద్దాం. కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటాను 41 శాతం నుంచి 50 శాతానికి పెంచాలని తెలంగాణ ప్రభుత్వం 16వ ఆర్థిక సంఘాన్ని కోరింది. ఈ డిమాండ్‌ను మేం పూర్తిగా సమర్థిస్తున్నాం. రాష్ట్రాలకు పంచే మొత్తంలో 14వ ఆర్థిక సంఘం మనకు 2.437 శాతం ఇస్తే, 15వ సంఘం దాన్ని 2.102 శాతానికి తగ్గించింది. తలసరి ఆదాయం తక్కువగా ఉన్న రాష్ట్రానికి ఎక్కువ ఇవ్వాలన్న కొలమానానికే 15వ సంఘం 45 శాతం వెయిటేజీ ఇచ్చింది. ఆ కొలమానం తప్పని మేం అనం. కానీ హైదరాబాద్, రంగారెడ్డి ఆదాయాలు కలిపి తీసిన సగటులో నారాయణపేట, గద్వాల కనిపించవు. బతుకుదెరువు కోసం బొంబాయి బస్సెక్కే పాలమూరు కూలీ, అక్షరాస్యతలో రాష్ట్రంలోనే అట్టడుగున ఉన్న గద్వాల పల్లె బాలిక ఆ లెక్కలో ధనిక రాష్ట్రవాసులు.

పైకి 41 శాతం అంటున్నా, నిజంగా చేతికొచ్చేది అంత లేదు. సెస్సులు, సర్‌చార్జీలు పంచాల్సిన పన్నుల్లోకి రావు. 2021 ఫిబ్రవరి నాటి లెక్కే చూడండి. లీటరు పెట్రోలుపై కేంద్రం వసూలు చేసిన సుంకం రూ.32.90. అందులో రాష్ట్రాలతో పంచుకోవాల్సిన బేసిక్ డ్యూటీ రూ.1.40 మాత్రమే. మిగతాదంతా సెస్సుల పేరుతో, అదనపు డ్యూటీల పేరుతో కేంద్రం ఖజానాకే. జీఎస్టీ వచ్చాక అమ్మకం పన్నుపై రాష్ట్రాలకున్న పట్టు చాలావరకు పోయింది. నష్టపరిహారం కూడా 2022 జూన్‌తో ఆగింది. అప్పు తెచ్చుకుందామంటే దానికీ షరతులు. విద్యుత్ సంస్కరణల పేరుతో రాష్ట్ర స్థూల ఉత్పత్తిలో అదనంగా 0.5 శాతం అప్పుకు వీలు కల్పించినప్పుడు, వ్యవసాయ బోర్లకు మీటర్లు పెట్టడం ఇష్టం లేక తెలంగాణ దాన్ని వదులుకుంది. బోరు మీదే బతికే నల్లగొండ రైతుకు ఆ నిర్ణయం విలువ తెలుసు. మిషన్ భగీరథకు రూ.19,205 కోట్లు ఇవ్వాలని నీతి ఆయోగ్ సిఫారసు చేసినా కేంద్రం ఇవ్వలేదు. ఫ్లోరైడ్ నీళ్లతో నడుములు వంగిపోయిన మర్రిగూడ మనుషులను చూసిన ఎవరికైనా అది మనసును కోసే విషయం.

ఇన్ని చెప్పి ఢిల్లీ ముందు చెయ్యి చాచే రాష్ట్రం, ఊళ్ల విషయానికొచ్చేసరికి తానే ఢిల్లీ అవుతోంది. మాకు నొప్పి ఇక్కడే.

నిధుల మీద చెయ్యి లేని అధికారం ఎంత వట్టిదో తెలంగాణకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఆంధ్ర, తెలంగాణ నాయకుల మధ్య 1956 ఫిబ్రవరి 20న కుదిరిన పెద్దమనుషుల ఒప్పందంలో, పరిపాలన ఖర్చు రెండు ప్రాంతాలూ దామాషా ప్రకారం భరించగా మిగిలిన తెలంగాణ రాబడిని తెలంగాణ అభివృద్ధికే కేటాయించాలని రాసుకున్నారు. దాన్ని కనిపెట్టి ఉండటానికి తెలంగాణ ఎమ్మెల్యేలతో ప్రాంతీయ సంఘం ఏర్పడింది. ఆ సంఘం చర్చించవచ్చు, సిఫారసు చేయవచ్చు. ఖజానా మాత్రం దాని చేతిలో లేదు. ప్రభుత్వంతో తేడా వస్తే గవర్నర్‌దే తుది మాట. ఉద్యోగాల రక్షణతో పాటు మిగులు నిధులు ఎటు పోయాయన్న ప్రశ్న కూడా 1969లో పిల్లలను బడుల్లోంచి రోడ్డు మీదికి తెచ్చింది. లెక్క తేల్చడానికి ఆడిట్ అధికారి కుమార్ లలిత్ వచ్చారు, ఆ తర్వాత జస్టిస్ భార్గవ కమిటీ వచ్చింది. లెక్కలు తేలాయి గానీ పైసలు తిరిగి రాలేదు. ఆరు సూత్రాల పథకం వచ్చాక ప్రాంతీయ సంఘమే లేకుండా పోయింది. మన డబ్బు మన దగ్గరే ఖర్చు కావాలన్న ఆ ఒక్క మాట కోసం రెండు తరాలు కొట్లాడాయి. నీళ్లు, నిధులు, నియామకాలు అన్న నినాదంలో నిధులను నడిమధ్య నిలబెట్టుకున్నది అందుకే. ఇప్పుడు మన సర్పంచుల పరిస్థితి ఆనాటి ప్రాంతీయ సంఘం సభ్యుల పరిస్థితికి ఎంత దూరం? తీర్మానం చేయవచ్చు, సంతకం పెట్టవచ్చు. రొక్కం వేరే చోట ఉంటుంది.

ఎవరి పన్ను వాళ్లే ఉంచుకుంటే పేద ఊళ్ల గతేమిటి అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. చౌటుప్పల్, షాద్‌నగర్, జడ్చర్ల చుట్టూ వెంచర్లు, ఫ్యాక్టరీలు ఉన్నాయి, అక్కడి పంచాయతీలకు రాబడి ఉంటుంది. దేవరకొండ, అచ్చంపేట వైపు తండాల్లో ఇంటి పన్ను మొత్తం వసూలైనా ట్రాక్టరు కిస్తీకి చాలదు. 2018 చట్టంతో నాలుగు వేలకు పైగా కొత్త పంచాయతీలు పుట్టాయి. 'మా తండాలో మా రాజ్యం' కల నిజమైందని లంబాడీ సోదరులు సంబురపడ్డారు. ఆ రాజ్యానికి పద్దు మాత్రం దక్కలేదు. ఇలాంటి చోట్లకు పైనుంచి గ్రాంటు తప్పక రావాలి. రాష్ట్రాల మధ్య కేంద్ర ఆర్థిక సంఘం చేసే పనే పంచాయతీల మధ్య రాష్ట్ర ఆర్థిక సంఘం చేయాలి. అయిదేళ్లకోసారి దాన్ని నియమించి, సిఫారసులను, వాటిపై తీసుకున్న చర్యలను శాసనసభ ముందుంచాలని రాజ్యాంగమే చెబుతోంది. రాజేశంగౌడ్ నేతృత్వంలో ఒక సంఘం పనిచేసింది, సిరిసిల్ల రాజయ్య ఛైర్మన్‌గా మరో సంఘం వచ్చింది. వాటి సిఫారసుల మీద పంచాయతీ కార్యదర్శి నుంచి ఎమ్మెల్యే దాకా ఎందరు మాట్లాడారు? 50 శాతం కోసం ఢిల్లీకి చూపించిన పట్టుదలలో పావు వంతు ఇక్కడ చూపించినా ఊళ్ల ముఖాలు మారేవి.

సర్పంచుల చేతికి డబ్బిస్తే తినేస్తారన్నది ఇంకో మాట. తినేవాళ్లు లేరని మేం చెప్పం. ఊళ్లో తిన్నది ఊరికి తెలుస్తుంది. గ్రామసభలో నిలబెట్టి అడగవచ్చు. ఆడిట్ ఉంది, తప్పు చేసిన సర్పంచును సస్పెండ్ చేసే అధికారం కలెక్టరుకు ఉంది. ఇన్ని కాపలాలు ఉన్నాక మళ్లీ చెక్కును ట్రెజరీలో ఆపడం అవినీతిని అరికట్టడానికి కాదు, సర్కారు చేతిలో రొక్కం నిలబెట్టుకోవడానికే. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నట్టుంది వ్యవహారం.

కేంద్రం పంపే డబ్బుకూ చిక్కులున్నాయి. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం ఇచ్చిన గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే ఖర్చు చేయాలన్నారు. మిగతా 40 శాతాన్ని ఊరి అవసరానికి వాడుకోవచ్చు గానీ అందులోంచి జీతాలు ఇవ్వకూడదన్నారు. అంటే మోరీ తీసే మనిషి జీతం పంచాయతీ సొంత రాబడి నుంచి గానీ, రాష్ట్రం ఇచ్చే సొమ్ము నుంచి గానీ రావాలి. రెండూ ట్రెజరీలో ఆగితే ఆ మనిషి ఇంట్లో పొయ్యి ఎట్లా వెలుగుతుంది? కేరళ 1996లోనే ప్రణాళిక నిధుల్లో మూడో వంతుకు పైగా స్థానిక సంస్థలకు అప్పగించి, ఏ పని కావాలో ఊళ్లనే తేల్చుకోమంది. మనం అంత దూరం వెళ్లకపోయినా, ఊరు కట్టిన పన్నునైనా ఊరికి వదలలేమా?

భూముల రిజిస్ట్రేషన్‌పై వసూలయ్యే ట్రాన్స్‌ఫర్ డ్యూటీలో, ఊరి గుట్ట నుంచి తీసిన రాయిపై, వాగు నుంచి తీసిన ఇసుకపై వచ్చే సీనరేజి రుసుములో స్థానిక సంస్థలకు వాటా ఉంది. ఏ త్రైమాసికం వాటా ఏ తారీఖున ఊరికి చేరుతుందో ముందే ప్రకటించి, ఆ తారీఖు దాటకుండా జమ చేయాలి. హుజూర్‌నగర్, మేళ్లచెరువు వైపు సున్నపురాయి గనుల దుమ్ము పీల్చే ఊళ్లకు ఖనిజ నిధి నుంచి ఏమేం వచ్చిందో ఆ పంచాయతీల గోడల మీద రాయించాలి. మాజీ సర్పంచుల బిల్లులను పార్టీ చూడకుండా, పని తేదీల వరుసలో చెల్లించాలి.

వీటికి కొంత సమయం పడుతుందంటే ఒప్పుకోవచ్చు. ఇంటి పన్ను సంగతికి ఆ సమయం అక్కర్లేదు. మార్చి 31 దాకా కారోబార్లు గడప గడపకూ తిరుగుతారు. ఆ రశీదులపై వచ్చిన ప్రతి రూపాయీ ట్రెజరీకి కాకుండా పంచాయతీ పేరున ఊరి బ్యాంకు ఖాతాలో పడేలా, పాలకవర్గం తీర్మానంతో అదే వారం ఖర్చు పెట్టుకునేలా నిబంధన మార్చాలి. ఆ అధికారం పూర్తిగా రాష్ట్రానిదే. దీనికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదు.