ఇంకా ఏం కాలేదు కదా!

ఎలక్ట్రిక్ కారు కొంటే దాని రంగు తెలుపా నీలమా అని ఇల్లంతా కూర్చుని వారాల తరబడి చర్చించుకుంటాం. ఆ కారుకి రాత్రంతా కరెంటు పెట్టాల్సిన సాకెట్ గురించి ఎవరైనా ఒక్క మాటెత్తితే మాత్రం అది చాదస్తం. గ్యారేజీ మూలన ఎప్పుడో డ్రిల్లింగ్ మెషీన్ కోసం పెట్టించిన సాకెట్ ఉందిగా, అది చాలదా? చాలుతుందనే నా వాదన కూడా. ఈ వ్యాసం పూర్తిగా ఆ సాకెట్ పక్షాన రాస్తున్నాను, దాని తరఫున మాట్లాడేవాళ్ళు ఎలాగూ లేరు.

గిట్టనివాళ్ళు లెక్కలతో వస్తారు. 230 వోల్టుల దగ్గర 16 ఆంపియర్లంటే దాదాపు 3.7 కిలోవాట్లు, 40 కిలోవాట్ అవర్ల బ్యాటరీ ఖాళీ అయి ఉంటే నిండడానికి పదకొండు పన్నెండు గంటలు, అంతసేపు ఆ సాకెట్ ఊపిరి తీసుకోకుండా పనిచేయాలి, డ్రిల్లింగ్ మెషీన్ ఐదు నిమిషాలు తిరిగి ఆగిపోవడంతో దీనికి పోలికేమిటి అని. అక్కడితో ఆగరు. లోపల స్క్రూ కాస్త వదులై అర ఓము నిరోధం వచ్చిందనుకోండి, 16 ఆంపియర్ల దగ్గర ఆ ఒక్క చోటే 128 వాట్ల వేడి పుడుతుందట. అరచేతిలో పట్టే ప్లాస్టిక్ డబ్బాలో, గోడ లోపల, మనం నిద్రపోతుండగా! కరెంటు రెండింతలైతే వేడి నాలుగింతలట. సరే, కరెంటు మోతాదు మించితే పడిపోయే స్విచ్, ఎంసీబీ ఉందిగా, అది పడిపోదా? పడదు. దాని దృష్టిలో వెళ్తున్నది 16 ఆంపియర్లే, అంతా సజావుగానే ఉంది. స్క్రూ దగ్గర ఏం కాలుతోందో దానికి సంబంధం లేదు. ఇంత నిర్మలమైన మనసున్న పరికరాన్ని నమ్మకపోతే ఇంకెవర్ని నమ్ముతాం?

పొద్దున్న ప్లగ్ తీస్తే వేడిగా ఉందా? కరెంటు బాగా ఎక్కిందన్నమాట. సాకెట్ అంచు గోధుమ రంగులోకి తిరిగిందా? వయసు. కాలిన వాసనా? పక్కింటి వంట. దేనికైనా మన దగ్గర ఒకే ప్రమాణం ఉంది: ఇంకా ఏం కాలేదు కదా. ఈ ప్రమాణంలో ఫెయిలైన సాకెట్ ఈ రోజువరకూ లేదు, కానీ ఫెయిలైన రోజు లెక్క చెప్పడానికి ఆ సాకెట్ మిగలదనుకోండి, అది వేరే విషయం.

కారు సాకెట్‌దాకా రాకపోతే ఎక్స్‌టెన్షన్ బాక్స్ ఉంది. వైరు పొడవు ఎక్కువైతే చక్కగా చుట్టచుట్టి పక్కన పెట్టాలి, ఇల్లు నీటుగా కనిపించడం ముఖ్యం. చుట్టలోంచి వేడి బయటికి పోయే దారి ఉండదనీ, ఇన్సులేషన్ మెత్తబడుతుందనీ అంటారు. మెత్తబడనివ్వండి, పట్టుదల ఎవరికీ మంచిది కాదు.

అసలు గొడవంతా ఎర్తింగ్‌తోనే. ఈ ఛార్జర్లకి ఒక దుర్గుణం ఉంది. ఎర్త్ సరిగా లేకపోతే చాలావరకు ఎర్ర లైటు వెలిగించి మొరాయిస్తాయి. మనవాళ్ళు ఊరుకుంటారా, న్యూట్రల్‌నీ ఎర్త్‌నీ లోపల కలిపేసిన ప్లగ్ ఒకటి తయారు చేశారు. ఛార్జర్‌కి అబద్ధం చెబుతారు, అది నమ్ముతుంది, కారు ఛార్జ్ అవుతుంది, అందరూ సంతోషం. ఎక్కడో వెనకాల న్యూట్రల్ తెగిన రోజున మాత్రం కారు బాడీకే కరెంటు వచ్చి, తడి కాళ్ళతో డోరు పట్టుకున్నవాడికి అసలు సంగతి తెలుస్తుంది. భూమిలో కడ్డీ దింపి ఎర్త్ పిట్ వేయించడం కంటే ఇదే చౌక అని వాదించేవాళ్ళని నేను నిజంగానే చూశాను, వ్యంగ్యం కాదు.

కరెంటు లీకైతే సరఫరా ఆపేసే ఆర్‌సీడీ సంగతి మరీ ఘోరం. 30 మిల్లీ ఆంపియర్లు లీకైతే పడిపోవాల్సింది అది. కారులోంచి డీసీ కరెంటు (బ్యాటరీలో ఉండే రకం) కాస్త లీకైతే ఇంట్లో ఉన్న మామూలు ఆర్‌సీడీ మొద్దుబారిపోయి, అసలు ప్రమాదం వచ్చినప్పుడు కదలకపోవచ్చు. అందుకే 6 మిల్లీ ఆంపియర్ల డీసీ లీకేజీని పసిగట్టే ఏర్పాటు ఛార్జర్‌లోనే ఉందో లేదో చూసుకుని దానికి తోడు టైప్ ఏ రకం ఆర్‌సీడీ పెట్టాలి, లేకపోతే డీసీ లీకేజీని కూడా తట్టుకునే టైప్ బీ పెట్టాలి అంటారు. ఇన్ని అక్షరాలు గుర్తుపెట్టుకునే ఓపికుంటే మనం ఈపాటికి ఎక్కడో ఉండేవాళ్ళం.

గోడకి బిగించే ఛార్జర్ పెట్టించుకుని, దానికి మెయిన్ బోర్డు నుంచి విడిగా ఒక లైను లాగించుకుంటే ఈ తలనొప్పులు చాలావరకు పోతాయి, నిజమే. కేబుల్ కారుకి గుచ్చాక కారూ ఛార్జరూ మాట్లాడుకుని ఒప్పందానికి వచ్చేదాకా అందులోకి అసలు కరెంటే రాదు. అయితే అందులో సాహసం ఎక్కడుంది?

బ్యాటరీ పేలుతుందేమో అని టెన్షన్ పడి నిద్రమానుకునే పెద్దమనిషి ఆ సాకెట్ కిందే పాత పేపర్లు, టిన్నర్ డబ్బా, లాన్ మూవర్ కోసం దాచిన పెట్రోలు క్యాను పేర్చుకుంటాడు. బ్యాటరీ మీద మాత్రం రోజుకో వీడియో చూస్తాడు.

ఇంత చెప్పినా ఎలక్ట్రీషియన్‌ని పిలుస్తానంటారా, సరే. కానీ వచ్చీ రాగానే మీ ఇంటికి కరెంటు వాళ్ళు మంజూరు చేసిన లోడ్ (శాంక్షన్డ్ లోడ్) ఎంత, ఏసీలు గీజర్లు ఎన్ని, మెయిన్ బోర్డు నుంచి గ్యారేజీకి ఎంత దూరం, ఏ మందం రాగి వైరు లాగాలి అని ఆరా తీసి, ఎర్త్ నిరోధం కొలవడానికి మీటరు బయటికి తీసేవాణ్ణి గుమ్మంలోంచే పంపించేయండి, వాడికి పని రాదు. బోర్డు మూత కూడా తీయకుండా "ఏం పర్లేదు సార్, నడిచిపోద్ది" అనేవాడే అసలైన నిపుణుడు. పది నిమిషాల్లో పని అయిపోతుంది. ఆయన ఫోన్ నంబరు తీసి పెట్టుకోండి, తర్వాత ఎత్తడనుకోండి.