రౌటర్‌కి ఏ మూల?

బావికి ఈశాన్యం ఇచ్చారు, పొయ్యికి ఆగ్నేయం ఇచ్చారు, బరువులకి నైరుతి రాసిచ్చారు, చీపురు ఎక్కడ ఆనించాలో చెప్పేవాళ్లు కూడా యూట్యూబ్ నిండా ఉన్నారు. ఇంటిల్లిపాదీ దాని దయ మీద బతుకుతున్న, ఇంటికంతా వైఫై పంచే రౌటర్‌కి మాత్రం నాకు తెలిసినంతలో ఒక్క పండితుడూ మూల కేటాయించలేదు. ఎనిమిది దిక్కులుండి కూడా పాపం ఆ డబ్బాకి దిక్కు లేదు. పెద్దలు వెంటనే కూర్చుని ఏదో ఒకటి తేల్చాలని మనవి.

గుంటూరులో మా నాన్నగారింట్లో ఫైబర్ కనెక్షన్ పెట్టించిన రోజున ఈ లోటు నాకు తెలిసొచ్చింది. నేను ముందే అంతా చదువుకుని సిద్ధంగా ఉన్నాను. యాంటెన్నాని నిటారుగా నిలబెడితే సిగ్నల్ గారెలా చుట్టూ పరుచుకుంటుంది, గారె చిల్లులో యాంటెన్నా ఉంటుందన్నమాట, పైకీ కిందికీ పెద్దగా పోదు, కాబట్టి డబ్బా ఇంటి నడిమధ్యన, కాస్త ఎత్తులో, చుట్టూ ఇనప సామాను లేని చోట ఉండాలి. ఇంటి నడిమధ్య అంటే బ్రహ్మస్థానం. అక్కడ పూచికపుల్ల కూడా పెట్టకూడదన్నారు నాన్న. పావుకిలో బరువు లేదు నాన్నా అన్నాను. "బరువు సంగతి కాదురా, అక్కడ మిణుకుమిణుకుమనేది ఏదీ ఉండకూడదు" అన్నారు. ఏ గ్రంథంలో ఉందని అడిగే ధైర్యం నాకు లేదు. అరగంట సాగిన ఈ శాస్త్రచర్చని కనెక్షన్ కుర్రాడు ఒక్క ముక్కతో ముగించాడు.

"అంకుల్, వైరు ఇక్కడిదాకానే వచ్చింది."

ఆ విధంగా డబ్బా హాల్లో చెప్పుల స్టాండు మీద, ఇనప బీరువాని ఆనుకుని ప్రతిష్ఠ అయింది. దుమ్ము పడుతుందని అమ్మ దాని మీద ఎంబ్రాయిడరీ గుడ్డ కప్పింది. వేడెక్కుతుందమ్మా అంటే, సరే పల్చటి గుడ్డ వేస్తాలే అంది.

ఈ డబ్బా రెండు రకాల సిగ్నళ్లు వదులుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్ పాతకాలపు చుట్టం లాంటిది, నెమ్మదే గానీ గోడలు దాటుకుని పెరట్లోకైనా వస్తుంది. 5 గిగాహెర్ట్జ్ కొత్తల్లుడు. మహా వేగం, కానీ మా తొమ్మిదంగుళాల గోడలు రెండు దాటేసరికి నీరసించిపోతాడు. అందుకని వెనక గదిలో మా మేనల్లుడు 2.4 మీదే చదువుకుంటాడు, మైక్రోవేవ్ ఓవెన్ కూడా దాదాపు అదే ఫ్రీక్వెన్సీ మీద పనిచేస్తుంది కాబట్టి అమ్మ పాలు వేడిచేసినప్పుడల్లా వాడి ఆన్‌లైన్ క్లాసులో మాస్టారు నోరు తెరిచి ఆగిపోతాడు. నాన్న ఇదంతా రాహుకాలం వల్లేనని తేల్చారు. సోమవారం రాహుకాలం ఏడున్నరకి, అమ్మ పాలు పెట్టేదీ ఏడున్నరకే, ఇంకేం కావాలి? మంగళవారం సంగతేమిటని అడిగితే వినిపించుకోలేదు.

ఇక సెట్టింగులు. బ్రౌజర్‌లో 192.168.1.1 కొట్టాలి. అది మన ఒక్కళ్ల అడ్రసే అని మురిసిపోనక్కర్లేదు, ఆ నెంబర్లు ఇళ్ల లోపల వాడుకోడానికని విడిగా వదిలేసినవి, మా వీధిలో చాలా ఇళ్లదీ అదే. యూజర్‌నేమ్ అడ్మిన్, పాస్‌వర్డూ అడ్మినే. వైఫై పాస్‌వర్డ్ అయితే నాన్న ఫోన్ నెంబరు, కనెక్షన్ కుర్రాళ్లకి అంతకు మించి ఏదీ తోచదేమో. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్, అంటే దొంగ ప్రోగ్రాం, ఇలా కంపెనీలు పెట్టి వదిలేసిన పాస్‌వర్డులు ఓ అరవై దాకా పట్టుకుని తలుపు తలుపూ తట్టుకుంటూ పోయి, లక్షల కెమెరాలనీ రౌటర్లనీ లొంగదీసుకుందని నాన్నకి చెప్పాను. మన ఇంట్లో ఏముందిరా పట్టుకుపోవడానికి అన్నారు.

లోపలికెళ్లి చూద్దును కదా, ఇంట్లో ఉన్నది నలుగురం, లిస్టులో పదిహేడు ఫోన్లు. నాకు చెమటలు పట్టాయి. అమ్మ మాత్రం నింపాదిగా విడమరిచి చెప్పింది. పైపోర్షన్ వాళ్లవి నాలుగు, పక్కింటి పిన్నిగారివి రెండు, ఇస్త్రీ అబ్బాయిది ఒకటి, పాలవాడిది, వాళ్ల తమ్ముడిది, ఇంకా ఎవరెవరో. "అడిగారు, చెప్పాను. మంచినీళ్లు అడిగితే లేవంటామా?"

నేను కఠినంగా వ్యవహరించాను. ఆ రాత్రే అడ్మిన్ పాస్‌వర్డ్, వైఫై పాస్‌వర్డ్ రెండూ మార్చేసి, సెక్యూరిటీని డబ్ల్యూపీఏ3 అనే కొత్తరకం వైఫై తాళానికి ఎక్కించి ప్రశాంతంగా పడుకున్నాను. తెల్లారేసరికి వీధి మొత్తం మా ఇంటిని వెలివేసినంత పనైంది. పిన్నిగారింటి నుంచి రావాల్సిన మునక్కాయలు రాలేదు. ఇస్త్రీ బట్టలు ఎల్లుండికి వాయిదా పడ్డాయి. పైగా మా పాత టీవీకి డబ్ల్యూపీఏ3 అంటే ఏమిటో తెలియక అదీ ఆగిపోయింది, నాన్న సీరియల్ పోయింది. సరే, మధ్యేమార్గంగా గెస్ట్ నెట్‌వర్క్ పెడదామన్నాను, బయటివాళ్లకి వేరే పేరు, వేరే పాస్‌వర్డ్, వాళ్ల ఫోన్ల నుంచి మన కంప్యూటర్ కనబడదు. అమ్మ చేతిలో పని ఆపి నా మొహంలోకి చూసింది.

"వచ్చినవాళ్లకి విడిగా కంచం పెట్టే అలవాటు మనింట్లో ఎప్పుడుందిరా?"

దీనికి జవాబు ఏ మాన్యువల్‌లోనూ లేదు.

మర్నాడు నేను బయటికెళ్లిన వేళ చూసి, అమ్మ ఆజ్ఞ మీద మేనల్లుడు పిన్నీసుతో రౌటర్ వెనక రీసెట్ చిల్లుని పది సెకన్లు నొక్కాడు. పాస్‌వర్డులతో పాటు కంపెనీ వాళ్ల లాగిన్ కూడా చెరిగిపోయి నెట్టే పోయింది, కుర్రాడు మళ్లీ రావాల్సొచ్చింది. వచ్చి, అన్నీ మళ్లీ ఎక్కించి, నాన్న ఫోన్ నెంబరు పెట్టి, అమ్మ ఇచ్చిన కాఫీ తాగి వెళ్లాడు. సాయంత్రానికి మునక్కాయలు వచ్చాయి.

అడ్మిన్ పాస్‌వర్డ్ మాత్రం అడ్మిన్‌గా లేదు. ప్రయత్నించాను. మేనల్లుడు మార్చాడట, సెక్యూరిటీ కోసం, నేను చెప్పిన మిరాయ్ కథ వాడొక్కడే శ్రద్ధగా విన్నాడు. ఏం పెట్టావురా అని అడిగితే చెప్పడం లేదు. రాత్రి పదకొండు దాటితే నా ఫోన్‌కి నెట్ రావడం లేదు, దానికీ రాహుకాలానికీ సంబంధం ఉందేమోనని నాన్న పంచాంగం చూస్తున్నారు.