ఉద్యోగం ఊడిన ఫ్రీవీలు గారికి బహిరంగ లేఖ

నెల్లూరు,
స్టోన్‌హౌస్‌పేట.

మహారాజశ్రీ ఫ్రీవీలు గారి సముఖమునకు,

తన సైకిలు వెనక చక్రానికి మీ సేవలు ఇకమీదట అక్కరలేదని మా మేనల్లుడు నిశ్చయించిన సంగతిని మీకు రాతపూర్వకంగా తెలియజేయవలసిన బాధ్యత, ఇంట్లో పెద్దవాణ్ణి కావడం చేత, నా మీద పడింది. మీ మీద మోపిన అభియోగం ఒక్కటే. తొక్కేవాడు కాళ్ళు ఆపినప్పటికీ మీరు చక్రాన్ని తిరగనిచ్చారు; ఆ విధంగా మనిషి నాలుగు క్షణాలు ఊపిరి పీల్చుకోవడానికి సహకరించారు. ఇంజనీరింగు పూర్తిచేసి ఇంకా ఏ పనిలోనూ కుదురుకోని మావాడికి ఇది సోమరితనాన్ని పెంచి పోషించడంగా కనిపించింది. సంజాయిషీ అడగలేదు, విచారణ జరపలేదు, ఉత్తర్వు మాత్రం వెలువడింది.

మీ సర్వీసు రికార్డు చూస్తే ఇంత అన్యాయం పగవాడికి కూడా జరగకూడదనిపిస్తుంది. 1869లోనే అమెరికాలో విలియం వాన్ ఆండెన్ అనే ఆయన మీ మీద పేటెంటు పుచ్చుకున్నాడు. అయినా ఆ శతాబ్దం చివరిదాకా లోకంలోని సైకిళ్ళు చాలామటుకు మీరు లేకుండానే నడిచాయి. చక్రం తిరుగుతున్నంతసేపూ పెడళ్ళు తిరుగుతూనే ఉండేవి కనుక, దిగుడు వచ్చినప్పుడు జనం కాళ్ళు ఎత్తి ముందు ఫోర్కుకు బిగించిన చిన్న ఆనుల మీద పెట్టుకుని, దేవుడి మీద భారం వేసి దిగేవారు. 1903లో జర్మనీలో ఎర్న్‌స్ట్ సాక్స్ మిమ్మల్నీ బ్రేకునూ చక్రం నడుమ ఉండే ఒకే హబ్బులో ఇమిడ్చి టార్పిడో అనే పేరుతో బజారుకు తెచ్చాడు. మన దేశంలోనైతే పాలవాళ్ళు, పోస్టుమ్యాన్లు, చేపల గంపలవాళ్ళు, బడిపంతుళ్ళు అందరూ మీ మీదే బతుకులు వెళ్ళదీశారు. లూధియానా నుంచి గ్రీజు పూసుకుని వచ్చి, మా ఎండకూ పెన్నా ఇసుకకూ ఓర్చి, ఎప్పుడైనా లోపల మట్టి పట్టుకుపోతే ఇంత కిరసనాయిలు తాగి ఆ పూటే మళ్ళీ డ్యూటీలో చేరిన ఉద్యోగి మీకంటే ఎవరున్నారు?

మీ స్థానంలో వచ్చినవాడు ఒక బిళ్ళంత ఇనుము. చుట్టూ పదహారు పళ్ళు ఉంటాయి. లోపల బాల్సు లేవు, స్ప్రింగు లేదు, దయాదాక్షిణ్యాలు అసలే లేవు. చక్రం తిరిగితే అతను తిరుగుతాడు, అతను తిరిగితే చైను తిరుగుతుంది, చైను తిరిగితే మావాడి కాళ్ళు తిరగవలసిందే. దీన్ని ఫిక్స్‌డ్ గేరు అంటారనీ, ఇది నిరాడంబరతకు పరాకాష్ఠ అనీ మావాడు నాకు బోధించాడు. ఆ నిరాడంబరత కోసం కొన్న హబ్బు ఒక్కదాని ఖరీదుకు మా వీధి పాలవాడి సైకిలు క్యారియరుతో, స్టాండుతో సహా వస్తుందని నేను అనలేదు. అంటే వినడు.

ఈ వ్యవహారమంతా ఒక పాత ఫ్రేముతో మొదలైంది. గేర్ల సైకిలు ఉంటే కాలేజీలో గొప్పగా చూసిన రోజుల్లో ఎవరో కొనుక్కుని, తరువాత మేడమెట్ల కింద పడేసిన రేసు సైకిలు ఒకటి పాత ఇనుప సామాన్ల కొట్టుకు తూకానికి వచ్చింది. సన్నని ఉక్కు గొట్టాలు, వాటి కొసలు తొడుగుల్లోకి దించి ఇత్తడి కరిగించి పట్టించిన అతుకులు, రంగు పెచ్చులూడిన చోట తుప్పు. మావాడు రంగూ చూడలేదు, తుప్పూ చూడలేదు. మోకాళ్ళ మీద కూర్చుని, వెనక చక్రం ఇరుసు కూర్చునే గాడిని మాత్రం వేలితో తడిమి చూశాడు. ఇక్కడ అతనికి మార్కులు వేయక తప్పదు. గేర్ల సైకిలుకు వెనకాల వేలాడుతూ గేర్లు మార్చే డెరైలరు చైను వదులును తనే లాగి పట్టుకుంటుంది. దాన్ని తీసేశాక చైను బిగించాలంటే చక్రాన్నే వెనక్కి జరపాలి. ఈ కాలపు ఫ్రేములకు ఆ గాడి నిలువుగా ఉంటుంది కనుక చక్రం కూర్చున్న చోటనే కూర్చుంటుంది, వెంట్రుకవాసి కూడా జరగదు. పాత ఫ్రేములకు అది పొడుగ్గా, ముందుకు తెరుచుకుని ఏటవాలుగా ఉంటుంది. లోకమంతా పాత రేసు ఫ్రేముల కోసం వెతకడం వెనక ఉన్న రహస్యం ఈ ఒకటిన్నర అంగుళం గాడి తప్ప, పాతవాటి మీద భక్తి కాదు. చైను మధ్యలో వేలితో కదిపితే అర అంగుళం ఆడాలి. అంతకన్నా వదులైతే చైను ఊడి చక్రానికి అడ్డంపడుతుంది, చక్రం ఉన్నపళంగా బిగుసుకుపోతుంది, పైవాడు ఎక్కడ పడతాడో వాడికే తెలియదు. బిగువైతే బేరింగులు మూలుగుతాయి.

మిమ్మల్ని పీకిన ఘట్టానికి నేను ప్రత్యక్ష సాక్షిని. తొక్కిన ప్రతి తొక్కుకూ మీరు హబ్బు మర మీద ఇంకాస్త బిగుసుకుంటూ వచ్చారు కాబట్టి, ఊడిరావడానికి మీరు సుతరామూ ఒప్పుకోలేదు. సైకిల్ షాపు పెద్దాయన మీ గాళ్ళలో పట్టే పనిముట్టును వైసులో బిగించి, చక్రాన్ని దాని మీద బోర్లించి, మావాడిని ఒకవైపు రిమ్ము పట్టుకోమని తాను రెండోవైపు పట్టుకున్నాడు. పట్టుకుని తిప్పబోయి ఆగాడు.

"ఏందబ్బయా, పళ్ళు కూడా అరగలా. బాగుండేదాన్ని పీకేది ఎందుకు?"

"ఫిక్స్‌డ్ చేస్తుండాము పెద్దాయనా. కాళ్ళతోనే ఆపొచ్చు."

"కాళ్ళతో ఆపేదానికి సైకిలెందుకు, నడిచి పోరాదా?"

ఇంత చక్కగా మీ తరఫున వాదించిన ప్లీడరు మరొకరు దొరకరు. కాని కేసు అప్పటికే ఓడిపోయి ఉంది. ఇద్దరూ కలిసి ఎడమవైపుకు ఒక్కసారి తిప్పేసరికి మీరు టక్కున వదిలేశారు, మీ వెనక మర మాత్రం కొత్త రూపాయిలా మెరిసింది.

ఆ మర విషయంలో ఒక మాట, ఎందుకంటే కుర్రవాళ్ళు మోసపోయేది అక్కడే. ఇంగ్లీషు కొలత ప్రకారం మీకూ ఆ పళ్ళబిళ్ళకూ మర ఒకటే, అంగుళానికి 24 చుట్లు. అందువల్ల మీరు దిగిన పాత హబ్బు మీదనే బిళ్ళను ఎక్కించి పని అయిపోయిందని మురిసిపోవచ్చు. అయితే ముందుకు తొక్కేటప్పుడు బిగుసుకునే ఆ బిళ్ళ, ఆపడానికి వెనక్కి అదిమినప్పుడు విప్పుకుంటుంది. సరైన ఫిక్స్‌డ్ హబ్బుకు అందుకే రెండు మెట్లుంటాయి: లోపలి మెట్టు మీద బిళ్ళ, దానికంటే కొంచెం చిన్నదైన బయటి మెట్టు మీద ఎడమ మర ఉన్న లాక్‌రింగు. బిళ్ళ ఊడబోతే లాక్‌రింగు బిగుసుకుంటుంది. ఈ ఏర్పాటు లేని హబ్బుతో బ్రేకు కూడా లేకుండా రోడ్డెక్కేవాడికి నేను చెప్పగలిగిందల్లా ఇంట్లో చెప్పి బయలుదేరమని.

కొత్త హబ్బు వెడల్పు 120 మిల్లీమీటర్లు, పాత ఫ్రేము వెనక ఎడం 126. రెండువైపులా మూడేసి మిల్లీమీటర్ల వాషర్లు పడ్డాయి. ముందు పళ్ళచక్రమూ వెనక బిళ్ళా ఒకే గీతలోకి వచ్చేదాకా పెడళ్ళ నడుమ ఉండే ఇరుసు, అదే బి.బి. యాక్సిలు, మూడుసార్లు మారింది. డెరైలరు తగిలించే కొక్కేన్ని హ్యాక్సా బ్లేడుతో కోసి, ఆకురాయితో నున్నగా చేసి, ఆటోనగరులో పౌడర్ కోటింగు వేయించారు. తీసేయడమే పరమార్థమైన ఈ పనికి ఇంటికి ఇన్ని పార్శిళ్ళు ఎందుకు వచ్చాయని మా చెల్లెలు అడిగింది. ఆమెకు ఈ శాస్త్రం తెలియదు.

ఇంతవరకూ నాకు పేచీ లేదు. బ్రేకుల దగ్గర వచ్చింది. పాత చక్రాలు 27 అంగుళాలవి, టైరు కూర్చునే చోట వాటి రిమ్ము అడ్డుకొలత 630 మిల్లీమీటర్లు. మావాడు వేసిన కొత్త రిమ్ములు 622. అంటే బ్రేకు రబ్బర్లు నాలుగు మిల్లీమీటర్లు కిందికి దిగాలి, పాత బ్రేకు చేతులు అంత పొడుగు లేవు. పొడుగు చేతుల బ్రేకు కొనుక్కోవలసినవాడు దీన్ని శుభశకునంగా తీసుకుని రెండు బ్రేకులనూ అటక మీదికి చేర్చి, సైకిలు ఎంత శుభ్రంగా ఉందో చూడమన్నాడు. ఫిక్స్‌డ్ సైకిలును కాళ్ళు అదిమి నిదానం చేయవచ్చు, నిజమే. కాని ఆపే బలమంతా ముందు చక్రం దగ్గర ఉంటుంది. బరువు ముందుకు తూలినప్పుడు వెనక చక్రం నేలను సరిగ్గా పట్టదు, జారుతుంది. బ్రిటన్‌లో 1983 నాటి నిబంధనలు కూడా ఇలాంటి సైకిలుకు ముందు బ్రేకు ఉండి తీరాలంటాయి. సైకిలు పందేలు జరిగే వెలోడ్రోములో బ్రేకులుండవు కదా అని మావాడి వాదన. అక్కడ అందరూ ఒకే దిక్కుకు పోతారు, ఎవడూ హఠాత్తుగా ఆగడు. మా ట్రంకు రోడ్డు మీద ఆటో ఎటు తిరుగుతుందో దానికే తెలియదు.

కాళ్ళు బిగబట్టి వెనక చక్రాన్ని జార్చి ఆపడంలోనూ లెక్కలున్నాయని తరువాత తెలిసింది. ముందు 48 పళ్ళు, వెనక 16 పళ్ళు పెడితే పెడలు ఒక చుట్టుకు చక్రం సరిగ్గా మూడు చుట్లు తిరుగుతుంది. అప్పుడు ఒకే కాలు ముందుంచి జార్చేవాడి టైరు ఎప్పుడూ ఒకేచోట అరిగి, అక్కడ గుడ్డ తేలుతుంది. 46కు 17 పెడితే ఆ అరుగుదల పదిహేడు చోట్లకు పంచుకుంటుంది. టైరు అరగదీయడానికి ఇంత గణితం వాడిన జాతి మరొకటి లేదు.

నరసింహకొండ నుంచి దిగేటప్పటి సంగతి కూడా మీ దృష్టికి తేవాలి. 44కు 16 పళ్ళ మీద గంటకు 40 కిలోమీటర్ల వేగం అందుకుంటే కాళ్ళు నిమిషానికి సుమారు 115 చుట్లు తిరగాలి, ఇష్టం ఉన్నా లేకపోయినా. మలుపులో వంగినప్పుడు కూడా పెడలు కిందికి వస్తూనే ఉంటుంది కనుక నేలకు తగలకుండా ఉండాలని పెడళ్ళు తగిలించే కడ్డీలను, అదే క్రాంకులను, 165 మిల్లీమీటర్ల పొట్టివి వేయించారు. ఇవన్నీ సరే. ఒకనాడు పంచె కట్టుకుని ఆ సైకిలు ఎక్కబోయిన మా బావగారి అంచు చైనులో పడింది. మీరుంటే పెడలు వెనక్కి తిప్పి గుడ్డ లాక్కునేవాళ్ళం. ఆ బిళ్ళ మాత్రం పట్టింది వదలకుండా నమలసాగింది, చైన్ కవరు కూడా నిరాడంబరతలో భాగంగా ఎప్పుడో పోయింది. చక్రం ఎత్తి వెనక్కి తిప్పేలోపు మిగిలింది కండువాకు పనికి వస్తుంది.

అయినా నేను ఏకపక్షంగా రాస్తున్నానని మీరు సంతోషించవద్దు. పొద్దున్నే మైపాడు రోడ్డు మీద, ఇందుకూరుపేట దాటాక, రెండుపక్కలా వరిమళ్ళు ఉన్న ఆ చదును దారిలో ఆ సైకిలు వెళ్తుంటే చూశాను. చైను శబ్దం లేదు, మీ టిక్కుటిక్కూ లేదు. కాళ్ళూ చక్రమూ ఒకే మాట మీద నడుస్తున్నాయి. రోడ్డు మీద నీళ్ళున్నా, గతుకు వచ్చినా అది నేరుగా కాలికి తెలుస్తుందట. దాంట్లో సుఖం ఉందని ఒప్పుకోవాలి. సాయంత్రం సముద్రపు గాలికి ఎదురు తొక్కేటప్పుడు మాత్రం ఆ సుఖం కొంచెం తగ్గుతుందని మావాడే చెప్పాడు.

కాబట్టి ఇరుపక్షాలకూ సమ్మతమైన ఒప్పందం ఇది. టూర్ డి ఫ్రాన్స్ సైకిలు పందెంలో 1937 దాకా డెరైలరును రానివ్వలేదు. ఆ రోజుల్లో కొండ మొదట్లో దిగి, వెనక చక్రాన్ని తిరగేసి, రెండోవైపున్న పెద్ద పళ్ళచక్రానికి చైను తగిలించుకునేవారు. మావాడు కొన్న హబ్బుకూ అటూ ఇటూ మరలున్నాయి. ఎడమవైపు ఖాళీగా ఉంది. మిమ్మల్ని పలు పళ్ళచక్రాల పాత హోదాలో కాక, పద్దెనిమిది పళ్ళ ఒంటి ఫ్రీవీలుగా ఆ స్థానంలో నియమిస్తున్నాము. కొండ దారుల్లోనూ, మోకాళ్ళు పట్టినప్పుడూ చక్రం తిరగేసి మిమ్మల్ని పిలుస్తారు. పొడుగు చేతుల ముందు బ్రేకు కొనడానికి డబ్బు నేనే ఇచ్చాను, అది బిగించకుండా సైకిలు గేటు దాటకూడదని షరతు కూడా పెట్టాను. మీరున్న రోజున కాళ్ళతో ఆపడం కుదరదు గనక అటక మీది వెనక బ్రేకుకు కూడా కొత్త చేతులు చూడమన్నాను. దాని మీద చర్చ ఇంకా నడుస్తోంది. పాత బకాయిలు చెల్లించబడవు. చేరేటప్పుడు కిరసనాయిలు స్నానం చేసి రాగలరు.

ఇట్లు,
చైనుకు నూనె వేసే పని మాత్రమే అప్పగించబడిన మేనమామ